జిల్లాలో ఎక్స్ విలువ ఏడు

కిందటేడు జూలైలో మా జిల్లా అంతటా ఎక్స్ విలువను ఏడుగా నిర్ణయించారు.

నిర్ణయించింది డాక్టర్ నీలకంఠం గారు. ఆయన జిల్లా విద్యా ప్రమాణాధికారి. అంతకుముందు అలాంటి పదవి ఉండేది కాదు. ఆయన కోసం పదవిని పుట్టించారో, పదవి కోసం ఆయన్ను పుట్టించారో మాకు తెలియదు. వచ్చిన మొదటి వారమే తొమ్మిదో తరగతి లెక్కల జవాబు పత్రాలు ఒక అట్టపెట్టె నిండా తెప్పించుకుని చూశారట. చూసి నిర్ఘాంతపోయి, హెడ్మాస్టర్లనూ లెక్కల టీచర్లనూ జిల్లా కేంద్రానికి రమ్మన్నారు.

నేను పెదగంధం హైస్కూల్లో సోషల్ మాస్టారిని. చేతిరాత బాగుంటుందని మా హెడ్మాస్టరు అచ్యుతరామయ్య గారు ఏ మీటింగుకైనా మినిట్స్ రాయడానికి నన్ను వెంటబెట్టుకు వెళ్లేవారు. ఆయన హెడ్మాస్టరు కాకముందు ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పారు. రిటైర్మెంటుకి ఇంకా పది నెలలుంది. ఆ పది నెలలూ ఎవరి నోటా పడకుండా గడిపేయాలని ఆయన కోరిక. మా లెక్కల టీచరు నసీమా బేగం కూడా మాతో వచ్చింది.

నీలకంఠం గారు లేచి మైకు సర్దుకున్నారు.

"ఈ జిల్లాలో ఏం జరుగుతోంది? ఒక పాఠశాలలో ఎక్స్ మూడు. పక్క పాఠశాలలో పన్నెండు. ఒకే విద్యార్థి మొదటి ప్రశ్నలో ఎక్స్ ఐదంటాడు, రెండో ప్రశ్నలో మైనస్ రెండంటాడు. ఒకే అక్షరానికి ఇన్ని విలువలా? రేపు రాష్ట్రస్థాయి సమీక్షలో మన జిల్లాలో ఎక్స్ ఎంత అని అడిగితే నేనేం సమాధానం చెప్పాలి?"

లెక్కల టీచర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నసీమా టీచర్ లేచింది.

"సార్, లెక్కను బట్టి ఎక్స్ మారుతుంది. అందుకే కదా దాన్ని చరరాశి అంటాం."

"అదేనమ్మా నేను చెప్పే జబ్బు. చరించబట్టే ఈ ఫలితాలు. స్థిరీకరించడం మన బాధ్యత."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. మినిట్స్‌లో 'హర్షధ్వానాల మధ్య' అని రాశాను.

వెంటనే ముగ్గురితో ఒక కమిటీ వేశారు. ఒక సభ్యుడు ఎక్స్ ఐదు ఉంటే బాగుంటుందన్నాడు. రెండో సభ్యుడు తొమ్మిది కావాలని పట్టుబట్టాడు. మూడో ఆయన అధ్యక్షుడు. ఆయన రెంటినీ కలిపి రెండుతో భాగించి ఏడు అని తేల్చారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ కార్యాలయం తప్పు లేకుండా చేసిన లెక్క నాకు తెలిసి అదొక్కటే.

వారంలో ఉత్తర్వు వచ్చింది. 'తెలియని రాశి పట్ల విద్యార్థులలో నెలకొన్న భయాందోళనలను తొలగించే సదుద్దేశంతో, జిల్లా పరిధిలోని అన్ని పాఠశాలలలో ఎక్స్ విలువను ఏడుగా స్థిరీకరించడమైనది. ఇందుకు భిన్నమైన విలువలను కనుగొనుట, కనుగొనుటను ప్రోత్సహించుట క్రమశిక్షణా చర్యలకు దారితీయును.'

తర్వాత రెండు రోజులు శిక్షణ. అక్కడ ఒక లెక్కల మాస్టారు అమాయకంగా అడిగాడు, ఎక్స్‌కి మూడు కలిపితే ఎనిమిది అని లెక్క ఉంటే ఏం చెయ్యాలని. ఆ లెక్క నిబంధనలకు విరుద్ధం కాబట్టి ఎనిమిదిని పదిగా సవరించుకోమన్నారు. పాఠ్యపుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటేనని, దాన్ని దిద్దే అధికారం జిల్లాకి లేదని మధ్యాహ్నానికి ఎవరో గుర్తు చేశారు. అయితే ఎనిమిది ఎనిమిదిగానే ఉంటుందని, ఎక్స్ మాత్రం ఏడేనని సాయంత్రానికి స్పష్టత ఇచ్చారు.

పదో తరగతి వర్గ సమీకరణాల దగ్గర కాస్త గొడవైంది. అక్కడ ఎక్స్‌కి రెండు విలువలొస్తాయి. "ఒకే ఇంటికి రెండు రేషన్ కార్డుల్లాగానా? కుదరదు" అని నీలకంఠం గారు ఆ పాఠం ఆపించారు. రెండు చరరాశులున్న సమీకరణాలూ ఆగిపోయాయి. వై విలువ ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.

అన్నిటికన్నా నసీమా టీచర్‌ని బాధపెట్టింది ఆగస్టులో వచ్చిన రెండో ఉత్తర్వు. లెక్క అయ్యాక పిల్లలు చివర్లో 'సరిచూచుట' అని రాసి, వచ్చిన జవాబును సమీకరణంలో పెట్టి చూసుకుంటారు. అది ఇకమీదట రాయకూడదు. అది శాఖ నిర్ణయంపై విద్యార్థులకు అనుమానం కలిగించే అలవాటట.

"జవాబు తప్పయితే దిద్దుకోవచ్చు సార్" అంది నసీమా టీచర్, స్టాఫ్ రూములో. "తప్పో ఒప్పో చూసుకోవద్దని చెప్పాక ఇంక లెక్కలెందుకు?"

"అమ్మా నసీమా" అన్నారు అచ్యుతరామయ్య గారు, తలుపు దగ్గరగా వేసి. "నాకు మాత్రం తెలీదా? ఏప్రిల్ దాకా ఓపిక పట్టు. ఆయనకి బదిలీ అవుతుంది, ఇది పోతుంది. పై నుంచి వచ్చేవన్నీ ఇలాగే పోతాయి."

ఆమె ఓపిక పట్టలేదు. అలాగని ధర్నా చెయ్యలేదు, పేపర్లకి ఎక్కలేదు. తన క్లాసులో తన పాఠం చెప్పింది, అంతే. ఒక త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక పళ్లెంలో ఎన్ని గోళీలున్నాయో తెలియని సంచీ, రెండో పళ్లెంలో విడి గోళీలు వేసి తూచేది. ఇటు రెండు తీస్తే అటూ రెండు తియ్యాలి. నా క్లాసు పక్కగదే కాబట్టి నాకన్నీ వినిపించేవి.

"తెలియనిదాన్ని చూసి జడుసుకోకండి. దానికొక పేరు పెట్టండి. పేరు పెట్టాక దానితో తెలిసినదానిలాగే మాట్లాడండి. చివరికి తనెవరో అదే చెప్పేస్తుంది."

ఆ మాట బాగా పట్టుకున్న పిల్ల సువార్త. తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీసే పనికి వెళుతుంది. ఎనిమిదో తరగతి దాకా ఆ పిల్ల ఎక్స్ కనిపించగానే పెన్ను కింద పెట్టేసేదని నసీమా టీచరే నాకు చెప్పింది. త్రాసు పాఠమయ్యాక లెక్క చివర్లో సంచీ విప్పి, గోళీలు లెక్కపెట్టి, తన జవాబు సరిపోయిందని తెలిసినప్పుడు "వచ్చిందే!" అని ఒక్క కేక పెట్టింది. నా క్లాసులో పిల్లలు కూడా ఉలిక్కిపడ్డారు. ఆ రోజు నుంచీ ఎవరు ఆపినా ఆగలేదు.

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు. మా మండలంలో ఆరు హైస్కూళ్లకీ ఒకటే పేపరు. ముందురోజు అచ్యుతరామయ్య గారు ప్రతి సెక్షన్‌కీ వెళ్లి, ఎక్స్ ఎంత అని అడిగి, ఏడు అని పిల్లలందరి చేతా మూడుసార్లు అనిపించారు. నసీమా టీచర్ మాత్రం "పరీక్షలో ఏం రాస్తారో మీ ఇష్టం. నా క్లాసులో మాత్రం కనుక్కుందాం" అంది.

పేపర్లో లెక్క ఇది. ఒక తల్లి వయసు కూతురి వయసుకు నాలుగు రెట్లు. ఇద్దరి వయసుల మొత్తం అరవై. కూతురి వయసు ఎక్స్ అనుకొనిన, ఎక్స్ ఎంత?

తొమ్మిదో తరగతి పిల్లలు మండలంలో పదకొండు వందల ఒకరు. పదకొండు వందల మంది ఏడు అని రాశారు. సువార్త ఒక్కతే పన్నెండు అని రాసింది. రాసి ఊరుకోలేదు. కింద 'సరిచూచుట' అని గీత గీసి, పన్నెండూ నలభై ఎనిమిదీ కలిపి అరవై అని చూపించింది.

మూడో రోజుకల్లా డాక్టర్ నీలకంఠం గారి జీపు మా స్కూలు ముందు ఆగింది. మండలాన్ని శతశాతం మండలంగా ప్రకటించడానికి అన్నీ సిద్ధం. ఈ ఒక్క పిల్ల అడ్డం. ఆయన హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని, సువార్తను పిలిపించి, చాలా ప్రేమగా మాట్లాడారు.

"ఏడని రాస్తే ఏం పోతుందమ్మా? కొత్త కాగితం ఇస్తాం. ఇక్కడే కూర్చుని రాసెయ్."

సువార్త చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "కూతురికి ఏడేళ్లయితే తల్లికి ఇరవై ఎనిమిది సార్. మొత్తం ముప్పై అయిదే అవుతుంది. మిగతా పాతికేళ్లు ఎక్కడికి పోయాయి సార్?"

"మొత్తం అరవై అని ప్రశ్నలోనే ఇచ్చారు కదా! ఆ సంగతి శాఖ చూసుకుంటుంది. నీ పని ఎక్స్ వరకే."

"ఎక్స్ పన్నెండే సార్."

నీలకంఠం గారి ప్రేమ అక్కడితో అయిపోయింది. ఆ పిల్లని బయటికి పంపించి ఆయన పరిష్కారం చెప్పారు. సువార్త పరీక్షకు హాజరు కాలేదని రాయాలి. అప్పుడు పదకొండు వందలకి పదకొండు వందలు. సబ్జెక్టు టీచరు సంతకం చాలు.

నసీమా టీచర్ కాగితం చదివి బల్ల మీద పెట్టింది. "పిల్ల వచ్చింది సార్. నేనే ఆ గదిలో ఇన్విజిలేటర్‌ని. మూడు గంటలు కూర్చుని రాసింది. రాలేదని నేనెలా రాస్తాను?"

"మీరు ఉత్తర్వులను ధిక్కరిస్తున్నారు."

"లేదు సార్. హాజరు వేస్తున్నాను."

ఆ సాయంత్రమే ఆమెను సస్పెండ్ చేశారు. గైర్హాజరు కాగితం మీద ఆమె బదులు అచ్యుతరామయ్య గారు సంతకం పెట్టారు. సస్పెన్షన్ కాగితం ఫెయిర్ కాపీ రాసింది నేనే. అక్షరాలు కుదురుగా వచ్చాయని నీలకంఠం గారు నన్ను మెచ్చుకున్నారు కూడా. ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు. అయినా తిన్నాను.

ఫిబ్రవరిలో జిల్లా కేంద్రంలో 'శతశాతం సంబరం' పెట్టారు. పదకొండు వందల మంది పిల్లలనూ తీసుకురావాలి. అందరూ మా స్కూలు గ్రౌండులో కలిస్తే అక్కణ్ణుంచి బస్సులు. అప్పటికి నీలకంఠం గారికి బీజగణితం మీద మోజు ముదిరింది. ఆఫీసు కాగితాలన్నీ ఆ పద్ధతిలోనే ఉండాలని 'జీవితంలో బీజగణితం' అనే పథకం తెచ్చారు. అందుచేత బస్సుల ఫారం ఇలా వచ్చింది: 'కావలసిన బస్సుల సంఖ్య ఎక్స్ అనుకొనుము. ఒక్కొక్క బస్సులో యాభై మంది. మొత్తం విద్యార్థులు పదకొండు వందల మంది. అయిన ఎక్స్ విలువ...' పక్కన ఖాళీ.

అచ్యుతరామయ్య గారు కళ్లజోడు కూడా పెట్టుకోకుండా ఇరవై రెండు అని రాసి పంపించారు.

రెండో రోజున ఫారం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒక వాక్యం: 'జిల్లాలో ఎక్స్ విలువ ఏడు. సవరించి పంపగలరు.'

ఆయన ఎక్స్ కొట్టేసి 'బ' అని పెట్టి, బ విలువ ఇరవై రెండు అని పంపారు. అదీ తిరిగొచ్చింది. 'బ విలువ ఇంకా ఖరారు కాలేదు. ఖరారు కాని అక్షరాలకు బస్సులు కేటాయించజాలము. ఇదే ఆఖరి అవకాశం.'

"ఫోన్ చేసి నోటితో చెబుదాం సార్" అన్నాను.

"చేశాను. నసీమా జాడ్యం మీకూ అంటుకుందా అని అడిగాడు." ఆయన పెన్ను మూత తీశారు. "ఏడు బస్సులే అయితే మూడు నాలుగు ట్రిప్పులు తిప్పుకుంటారులే. వాళ్లకి మాత్రం పిల్లలు కనపడరా?" అని ఏడు వేసి సంతకం చేశారు. నేను స్టాంపు వేశాను.

సంబరం రోజు పొద్దున ఏడింటికే పదకొండు వందల మంది మా గ్రౌండులో వరసల్లో ఉన్నారు. ఏడు బస్సులు వచ్చాయి. తిప్పడానికి వీల్లేదు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు దూరం, పదింటికి ముఖ్య అతిథి వస్తారు. అచ్యుతరామయ్య గారు ఫోన్ చేశారు. నీలకంఠం గారి గొంతు పక్కనున్న నాకూ వినిపించింది.

"బస్సులు ఉత్తర్వుల ప్రకారమే వచ్చాయి కదా? మరి పిల్లలెందుకు పట్టరు? అందరినీ ఎక్కించండి. పది గంటలకి ఒక్క కుర్చీ ఖాళీ కనపడినా బాధ్యత మీదే."

ఎక్కించాం. మొదటి బస్సులో నేనే తలలు లెక్కపెట్టి ఎక్కించాను. యాభై, ఎనభై, నూట పది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. నూట నలభై ఒకటి దగ్గర తలుపు పడలేదు. ఇద్దరు మెట్ల మీద వేలాడారు. బస్సు కదిలింది.

ఇదంతా గేటు బయట నిలబడి సువార్త చూస్తోంది. పరీక్షకు రాని పిల్ల కాబట్టి సంబరానికి ఆమెను పిలవలేదు. మొదటి బస్సు గేటు దాటగానే ఆ పిల్ల పరుగెత్తింది. నసీమా టీచర్ ఇల్లు రెండు వీధుల అవతలే.

రెండో బస్సు నిండుతుండగా నసీమా టీచర్ ఇంట్లో చెప్పులతోనే వచ్చేసి బంపరుకి ఆనుకుని నిలబడింది.

"దింపండి. యాభై కంటే ఒక్కరెక్కువున్నా నేను కదలను."

"అమ్మా, నువ్వు సస్పెన్షన్‌లో ఉన్నావు. స్కూలు ఆవరణలోకి రాకూడదు" అన్నారు అచ్యుతరామయ్య గారు. ఆయన గొంతు ఆయనకే వినపడనట్టుంది.

"అయితే మళ్లీ సస్పెండ్ చెయ్యండి సార్. ముందు పిల్లల్ని దింపండి."

డ్రైవరు మస్తాను ఇంజను ఆపి కిందికి దిగాడు. "మేడం గారు రాకపోయినా నేను తియ్యనండీ. నా బండి సంగతి నాకు తెలుసు. కాలవ కట్ట మీద మలుపులో ఈ బరువుకి అది నిలవదు."

ఆ మాట నోట్లో ఉండగానే నా ఫోన్ మోగింది.

మొదటి బస్సు కాలవ కట్ట మలుపులో పక్కకి ఒరిగి, గట్టు కిందికి జారి, తుమ్మచెట్లకి ఆనుకుని ఆగింది. ఎవరూ చనిపోలేదు. ఆ చెట్లు లేకపోతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. ముప్పై ఎనిమిది మందికి దెబ్బలు తగిలాయి. తొమ్మిది మందికి ఎముకలు విరిగాయి. మేం వెళ్లేసరికి పిల్లల్ని కిటికీల్లోంచి లాగుతున్నారు. నసీమా టీచర్ గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి పేరు అడుగుతూ, చున్నీ చింపి కట్టు కట్టింది. మా వెంటే వచ్చిన సువార్త తన క్లాసు పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి లెక్కపెట్టి, ఇద్దరు తక్కువున్నారని కేకేసింది. ఇద్దరూ సీట్ల కింద దొరికారు.

సంబరం ఆగలేదు. ఖాళీ కుర్చీల్లో పక్కనున్న కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టారు. నీలకంఠం గారు గంటసేపు మాట్లాడారట.

ఎవరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. విచారణ నివేదిక అరవై రెండు పేజీలు వచ్చింది. ప్రమాదానికి కారణం మలుపు అని తేలింది. ఎక్స్ ఉత్తర్వును 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' ఉపసంహరించుకున్నారు. నీలకంఠం గారు ప్రమోషన్ మీద రాజధానికి వెళ్లారు. అక్కడ ఆయన రాష్ట్రమంతటికీ ప్రమాణాలు చూస్తారు. నసీమా టీచర్‌ని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. సువార్త మార్కుల జాబితాలో మాత్రం ఇప్పటికీ గైర్హాజరు అనే ఉంది. ముద్రించినదాన్ని మార్చే పద్ధతి లేదట.

ఇవన్నీ కాగితాల్లో దొరుకుతాయి. కాగితాల్లో దొరకనిది ఒకటుంది. విచారణాధికారి మా స్కూలుకి వచ్చిన రోజున జరిగింది. వాంగ్మూలాలు రాసింది నేనే.

ఆయన నెమ్మదస్తుడు. ఎవరికీ హాని చెయ్యాలనుకోని మనిషి. హెడ్మాస్టరు వాంగ్మూలం ముందుగానే టైపు చేయించి తెచ్చారు. చదివి వినిపించారు. "'పదకొండు వందల మందికి ఎన్ని బస్సులు అవసరమో నాకు అవగాహన లేనందున, ఫారంలో పొరపాటున ఏడు అని నమోదు చేసితిని.' ఇది మీకు క్షేమం సార్. అవగాహన లోపానికి పెద్ద చర్యలుండవు. మీ రిటైర్మెంటు కాగితాలు సాఫీగా వెళ్లిపోతాయి."

అచ్యుతరామయ్య గారు ఆ కాగితాన్ని ఆయన వైపే తోసేశారు. నా వైపు తిరిగారు.

"మాస్టారూ, తెల్లకాగితం తీసుకోండి. నేను చెబుతాను, రాయండి. ఇరవై ఆరేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను. ఇరవై రెండు బస్సులు కావాలని నాకు తెలుసు. రెండుసార్లు అదే రాశాను. మూడోసారి తెలిసే ఏడు అని రాసి సంతకం పెట్టాను. సువార్త పరీక్షకు వచ్చిందని తెలుసు. తెలిసే రాలేదని సంతకం పెట్టాను."

విచారణాధికారి ఇబ్బందిగా కదిలారు. "సార్, ఇలా రాస్తే మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. కనీసం ఆ 'తెలుసు' అన్న మాటలన్నా తీసేద్దాం."

నా పెన్ను ఆగిపోయింది. ఆ ఏడాదంతా ఆగకుండా నడిచిన పెన్ను. అచ్యుతరామయ్య గారు కాగితం మీదికి వంగి, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి మొదటినుంచీ చదువుకున్నారు.

"ఉంచండి" అన్నారు. "కింద మీరు కూడా సంతకం పెట్టండి మాస్టారూ. స్టాంపు మీరే వేశారుగా."

పెట్టాను.